మా రూతు పెద్దమ్మ కొన్న సెంటు

మా రూతు పెద్దమ్మకు మనుషులు వాసనతో గుర్తుంటారు. తనకు బాప్తిస్మమిచ్చిన పాస్టరుగారి ముఖం ఎలా ఉండేదంటే చెప్పలేదు గానీ, ఆయన కోటు తడిసినప్పుడు కలరా ఉండల వాసన వచ్చిందని చెబుతుంది. కన్నతల్లి అంటే ఆమెకు వేయించిన ఎండుమిరపకాయ. నేను పుట్టినప్పుడు మాత్రం ఏ వాసనా రాలేదట. "ఆవేళ నాకు జలుబు, ఏం చెయ్యనే చిట్టీ" అంటుంది.

మాది ముక్తేశ్వరం దగ్గర కాలవ గట్టు మీద పేట. అందరం డొక్కల పనివాళ్ళమే. కొబ్బరికాయ ఒలిస్తే వచ్చే పీచు తొక్కను డొక్క అంటాం. వాటిని కాలవ పక్క మడుగుల్లో ముంచి, పైన బురద కప్పి నెలల తరబడి నానబెడతారు. నల్లగా కుళ్ళాక తీసి, కర్రతో బాది పీచు విడదీస్తాం. ఆ పీచుతో తాళ్ళు పేనుతారు. తాడు సంతకు చేరేసరికి దానికి ఏ వాసనా ఉండదు. వాసనంతా బాదినవాళ్ళకే మిగులుతుంది. గోళ్ళ కిందకీ జుట్టు మొదళ్ళలోకీ పోయి కూర్చుంటుంది. సున్నిపిండి, చింతపండు, నిమ్మచెక్క ఏది రుద్దినా ఒళ్ళు తడిగా ఉన్నంతసేపే. చెమట పట్టగానే మళ్ళీ వస్తుంది.

నేను ఏడో తరగతి పూర్తికాకుండానే ఈ పనిలోకి వచ్చాను. మా అమ్మ నడుము పడిపోయింది, అందుకని బడి మానిపించారు. అందరికీ చెప్పే కారణం అదే, అది నిజమే. కానీ మానెయ్యమన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు. మా అమ్మ కోసం సెలవుల్లో డొక్కలు బాది బడికి వెళ్ళిన దగ్గర్నించీ నా బెంచీ మీద పిల్లలు కొంచెం కొంచెం జరుగుతూ ఆ చివరికి పోయేవారు. మధ్యలో మిగిలిన ఖాళీ వైపు చూడకుండా పాఠం వినడం నాకు చేతకాలేదు.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. మా గోడా వాళ్ళ గోడా ఒకటే. ఆ కంపులో పుట్టి పెరిగిన మనిషికి మంచి వాసనంటే ప్రాణం. చిన్నప్పుడు మొగలి పొదల్లో పాములుంటాయని అందరూ తప్పుకుపోతుంటే, తను ముళ్ళు గీరుకుంటూ లోపలికి దూరి పొత్తి కోసుకొచ్చేదట. ఆ రేకులు చీర మడతల్లో దాచుకుని ఆదివారం ఆ చీరే కట్టుకుని గుడికి వెళ్ళేదట.

"ఏవే రూతూ, పొదలో పామునేమైనా కట్టుకొచ్చేవా?" అని ఆడవాళ్ళు నవ్వేవారట.

మా పెదనాన్న మోషే ఏటా తాళ్ళ మోపులు తీసుకుని అంతర్వేది తీర్థానికి వెళ్ళేవాడు. పెళ్ళయిన ఏడాది అక్కడ అత్తరు సాయిబు చేత చెవిలో దూదిపింజె పెట్టించుకుని, దారిలో వాసన పోకుండా చెవి మీదకు తలపాగా దించుకుని ఇంటికి వచ్చాడట. ఆ దూది ఇచ్చి, "ఇంతే తేగలిగేను" అన్నాడట. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు సువర్ణక్క పాకే వయసులో ఆయన కామెర్లతో పోయాడు. దూది ఉంది.

ఎక్కడుందంటే, మిషను వాళ్ళు ఒకప్పుడు పంచిన పాలపొడి డబ్బాలో. అందులో ఎండిపోయిన మొగలిరేకు ఉంది, మిషనాసుపత్రి నర్సమ్మగారు పారేసిన ఖాళీ సీసా ఉంది, సువర్ణక్క హాస్టల్లో మొదటిసారి వాడిన సబ్బు కాగితం ఉంది. ఆదివారం గుడి నుంచి వచ్చాక, పని చీర ముట్టుకోకముందే, పెద్దమ్మ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీసేది. నాకు అన్నీ కలిసిపోయి ఒకటే వాసన వచ్చేది. తను మాత్రం కళ్ళు మూసుకుని, "ఇదిగో, మీ పెదనాన్న. ఇది అక్క" అని వేరు చేసి చెప్పేది.

సువర్ణక్కను ఆరో ఏటే రాజోలులో మిషను హాస్టల్లో వేసింది. "వాసన దీని ఒంటికి అంటకముందే పంపించెయ్యాలి" అందట మా అమ్మతో. సెలవులకు కూడా ఎక్కువగా తెచ్చేది కాదు. తనే వెళ్ళేది. హాస్టలు గేటు దగ్గర గాలి ఎటునించి వీస్తోందో చూసుకుని, తన మీద నుంచి పిల్లల వైపు పోకుండా నిలబడేది. నేనూ రెండుమూడుసార్లు వెంట వెళ్ళాను. అక్క గేటుకు అవతల, మేము ఇవతల. మాటలు కాస్త గట్టిగానే మాట్లాడుకోవలసి వచ్చేది.

అక్క టీచరైంది. తనతో పనిచేసే ఏసుదాసు బావ ఇష్టపడి చేసుకున్నాడు. వాళ్ళది అమలాపురం. ఆయన తండ్రి ఇస్సాకు మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళిలో పెద్దమ్మ పందిరి చివర నిలబడితే, ఆయనే వెళ్ళి, "చెల్లెమ్మా, నీ కూతురి పెళ్ళికి నువ్వే చుట్టపుచూపుగా వచ్చినట్టున్నావే" అని ముందు కుర్చీలోకి తీసుకొచ్చాడు. అక్కకు ఆరో నెలప్పుడు, క్రిస్మసు ముందు, ఆ మాస్టారు పోయారు. మట్టి చేసిన మర్నాడు గానీ మాకు కబురు రాలేదు. అక్కే ఆలస్యంగా పంపిందని తరవాత తెలిసింది.

"మంచిపనే చేసింది. కబురందితే డొక్కల రేవులోంచి ఉన్నదాన్ని ఉన్నట్టు పరిగెత్తేదాన్ని కదా" అంది పెద్దమ్మ.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లోనే. పెద్దమ్మ గదికి సున్నం వేయించింది, దూలానికి కొత్త ఉయ్యాల తాడు కట్టింది. ఆ తాడు తనే పేనింది. అప్పుడు ఏసుదాసు బావ వచ్చాడు. మర్యాదగానే కూర్చున్నాడు, బొండం నీళ్ళు తాగాడు. చేతిలో జేబురుమాలు మాత్రం వచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది.

"ఇక్కడి గాలి పసిబిడ్డకి పడదేమోనండి అత్తయ్యగారూ. పురుడు అక్కడే పోస్తానంటంది మా అమ్మ. ఏమీ అనుకోకండి."

"ఆయ్, అలాగేనండి బాబూ. నేనూ అదే అనుకుంటన్నానండి" అంది పెద్దమ్మ.

బావ వెళ్ళాక ఉయ్యాల తాడు విప్పి చుట్ట చుట్టి పక్కన పెట్టింది. "ఒళ్ళో ఒక్కసారి పెట్టుకుంటే చాలే చిట్టీ. పొద్దస్తమానూ కాదు. ఒక్కసారి."

ఎనభై మూడులో వేసవి మొదట్లో ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం అయ్యాక చూడటానికి రమ్మన్నారు. పెద్దమ్మ వారం ముందే రేవు పని మానేసింది. రోజుకు రెండుసార్లు తలంటుకుంది, ఎర్రగా కందేదాకా చేతులు రుద్దుకుంది. బిడ్డ ఒంటికి రాయడానికి కొబ్బరినూనె తనే తీసి సీసాలో పోసింది. ఉతికిన తెల్లచీర కట్టుకుని బుట్ట పట్టుకుంది. నన్ను వెంట తీసుకెళ్ళింది.

బస్సులో ఉక్క. ముక్తేశ్వరం దాటేసరికి ఒళ్ళంతా చెమట. మా ముందు సీట్లో ఆయన కిటికీ ఇంకాస్త తెరిచాడు. పక్కనున్నావిడ లేచి నిలబడింది. కండక్టరు అటూ ఇటూ చూసి, "ఎవరండీ డొక్కల బస్తా లోపల పెట్టేరు? పైకెక్కించాలండి" అన్నాడు.

"ఆయ్, బస్తా కాదండి, నేనేనండి" అంది పెద్దమ్మ.

బస్సంతా నవ్వింది. పెద్దమ్మ కూడా నవ్వింది. నేను తల కిటికీ వైపు తిప్పుకున్నాను. అమలాపురం వచ్చేదాకా మళ్ళీ తిప్పలేదు.

బస్సు దిగాక పెద్దమ్మ కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడింది. తరవాత నేరుగా ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపు మెట్లెక్కింది. కొట్టాయన పేరు సూర్యారావని బోర్డు మీద ఉంది.

"ఏం కావాలమ్మా?"

"సెంటండి. మంచిది."

ఆయన నాలుగైదు సీసాలు బల్ల మీద పెట్టి మూతలు తీశాడు. పెద్దమ్మ కళ్ళు మూసుకుని వాసన చూసింది. "ఇది గులాబీ కాదండి, పంచదార పాకం. ఇది మల్లేగానీ నిన్నటి మల్లె."

"అమ్మో, మీ ముక్కుకి నా కొట్టు సరిపోదండి" అని నవ్వాడాయన.

"లేదండి, అన్నీ బాగున్నాయండి. ఇవి నా మీద నిలబడవండి. వీటికంటే ఘాటుది లేదాండి?"

ఆయన వంగి కింది అరలోంచి ఒక అట్టపెట్టె తీశాడు. అందులో అన్నీ ఒకేలాంటి సీసాలు. మూత తియ్యగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది ఘాటేనండి. కానీ ఇది రోజూ రాసుకునేది కాదు."

"రోజూ కాదండి, ఇవాళ ఒక్కరోజుకే. మా అమ్మాయి అత్తారింటికి వెళ్తన్నామండి."

ఆయన ముఖం మారిపోయింది. పెద్దమ్మ తెల్లచీర వైపు చూశాడు. సీసాను కాగితంలో జాగ్రత్తగా చుట్టి, రెండు చేతులతో అందించాడు. "ఏం చేస్తామండి, అంతా ఆయన దయ" అన్నాడు.

"ఆయ్, నిజమేనండి. అంతా దేవుడి దయేనండి" అంది పెద్దమ్మ, మనవరాలిని తలుచుకుని.

ఆయన అంత మెల్లగా ఎందుకు మాట్లాడాడో నాకు అర్థం కాలేదు. షాపు పక్క సందులో నిలబడి పెద్దమ్మ మెడకూ చేతులకూ చీర కొంగుకూ ఆ సెంటు పట్టించింది. "ఇప్పుడు చూడు" అంది. చూశాను. డొక్కల వాసన ఎక్కడా లేదు. నిజంగా లేదు. పెద్దమ్మ నడక మారింది. నడుము నిటారుగా పెట్టి, గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా రోడ్డు మధ్య నడిచింది. అలా నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

అక్క వాళ్ళ ఇంటి హాల్లో బిడ్డను చూడటానికి వచ్చిన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అక్క అత్తగారు జయమ్మగారు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. పెద్దమ్మ చెప్పులు విప్పి గడపలో ఒక కాలు పెట్టింది.

జయమ్మగారి మాట ఆగిపోయింది. ఆవిడ గడప వైపు చూడలేదు. గోడ మీద మాస్టారి ఫోటో వైపు చూశారు. ముక్కుపుటాలు అదిరాయి. బిడ్డను అక్క చేతుల్లో పెట్టి, లేచి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

పక్కింటి వీరాయమ్మ అనే ముసలావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "ఇదేంటమ్మా, పురిటింటికి శవం మీద పోసే సెంటు పూసుకొచ్చేవు? మాస్టారి పెట్టెలో పోసింది ఇదే. ఊరంతా పోసేది ఇదే. ఆ మాత్రం తెలీదా?"

మాకు తెలియదు. మా పేటలో ఎవరైనా పోతే పౌడరు జల్లి బంతిపూలు పెడతాం. పెట్టెలోకి సీసాలకు సీసాలు సెంటు పోసే స్తోమత అక్కడ ఎవరికీ లేదు. మాస్టారి భూస్థాపనకు వచ్చి ఉంటే, పెద్దమ్మ ముక్కు ఆ వాసనను జన్మలో మరిచిపోయేది కాదు.

"నాకు తెలీదండి" అంది పెద్దమ్మ. ఎవరికి చెబుతోందో తెలియలేదు. ఒక కాలు ఇంకా గడప బయటే ఉంది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది.

అక్క ముఖం కందిపోయింది. కానీ అరవలేదు. దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, "నీకెలా తెలుస్తుందిలే. ఆవేళ నువ్వు లేవు కదా" అంది. అంటూనే కళ్ళు దించుకుంది. "చిట్టీ, దొడ్లోకి తీసుకెళ్ళవే. నా చీర ఒకటి ఇస్తాను."

నూతి దగ్గర నేను తోడుతుంటే పెద్దమ్మ సబ్బుతో రుద్దుకుంది, పొయ్యిలో బూడిద తెచ్చి రుద్దుకుంది. చాలా చేదలు తోడాను.

"పోయిందా?"

"పోయింది పెద్దమ్మా."

"మరి డొక్కలదో?"

నేను ఇంకో చేద తోడాను. అక్క ఇచ్చిన చీర కట్టుకుని, పెద్దమ్మ దొడ్డి గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

కాసేపటికి జయమ్మగారు బయటికి వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. పెద్దమ్మ గబుక్కున లేచి నిలబడింది.

"తప్పయిపోయిందండి వదినగారూ. బుద్ధిలేక..."

"ఆ సీసా ఉందా, వదినగారూ?"

పెద్దమ్మ బుట్టలోంచి తీసి ఇచ్చింది. "పారేస్తారాండి? నేనే కాలవలో..."

జయమ్మగారు చుట్టూ చూశారు. "ఆయన పోయేక పిల్లలు ఇల్లంతా కడిగించేసేరండి. ఆయన చొక్కా ఒక్కటి కూడా ఉంచలేదు. కూర్చుని చుట్ట కాల్చుకునే కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేసేరు." సీసాను బొడ్లో దోపుకుని చీర సర్దుకున్నారు. "ఆఖరుసారి ఆయన్ని ముద్దెట్టుకున్నప్పుడు ఈ వాసనే వచ్చిందండి. ఎవరితో అనకండేం. నవ్వుతారు."

"ఆయ్" అంది పెద్దమ్మ.

జయమ్మగారు లోపలికి వెళ్ళి బిడ్డను తెచ్చి పెద్దమ్మ ఒళ్ళో పెట్టారు. పెద్దమ్మ ముఖం పక్కకు తిప్పుకుని, ఊపిరి బిగబట్టుకుని, గుడ్డ మీద నుంచే పట్టుకుంది, చేతులు తగలకుండా.

"అదేంటండీ, ముద్దెట్టుకోండి" అన్నారు జయమ్మగారు.

అప్పుడు వంగింది. బిడ్డ మాడు మీద ముక్కు ఆనించి చాలాసేపు అలాగే ఉంది. "ఏం వాసనే పెద్దమ్మా?" అని అడిగాను. "ఉండవే" అంది. బిడ్డ ఒడి తడిపింది. నేను తడిగుడ్డ మార్చి, ఇవ్వడానికి అక్క కోసం చూస్తే, పెద్దమ్మ దాన్ని మడిచి బుట్టలో పెట్టుకుని, "ఉతికి పంపిస్తానండి" అంది. జయమ్మగారు చూసి ఊరుకున్నారు.

భోజనాలయ్యాక బయలుదేరాం. వీధి చివరిదాకా వెళ్ళాక బుట్ట దొడ్లోనే మరిచిపోయామని గుర్తొచ్చింది. ముందు గుమ్మంలోంచి మళ్ళీ వెళ్ళడానికి మొహం చెల్లక, ఇంటి పక్క సందులోంచి దొడ్డివైపు నడిచాం. ప్రహరీ పొట్టిది. లోపలి మాటలు వినిపిస్తున్నాయి.

"మళ్ళీ నీళ్ళెందుకే సువర్ణా? పొద్దున్నే పోసేం కదా" అంటున్నారు జయమ్మగారు.

"ఊరికేనండి అత్తయ్యగారూ. ఉక్కగా ఉంది కదాండి."

అక్క పీట మీద కూర్చుని, కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టుకుని, ఆ చిన్న మాడు మీద సున్నిపిండి రుద్దుతోంది. ఎలా రుద్దుతోందో నాకు తెలుసు. మేమూ అలాగే రుద్దుకుంటాం. తలెత్తి గోడ మీదుగా మమ్మల్ని చూసింది. చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది.

"బుట్ట మర్చిపోయేనమ్మా" అంది పెద్దమ్మ. చుట్టూ తిరిగి దొడ్డి తలుపు తోసుకుని వెళ్ళి బుట్ట తీసుకుంది. వెనక్కి వస్తూ అక్క పక్కన ఒక్క క్షణం ఆగింది. "నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో చూసుకో తల్లీ. పసిది కదా."

తిరుగు బస్సెక్కాం. ముక్తేశ్వరం దగ్గరపడ్డాక పెద్దమ్మే అంది: "దానికి నేర్పింది నేనే కదే. అంటకముందే కడిగేసుకోవాలని."

ఇంటికి వచ్చాక పాలపొడి డబ్బా తీసింది. బుట్టలోంచి గుడ్డ తియ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. "నువ్వు పెట్టవే చిట్టీ. నా చేతులు వద్దు."

నేను ముందు నా చేతులు వాసన చూసుకున్నాను. నేనూ అదే రేవులో పనిచేసేదాన్ని. అవి తనవాటికంటే మెరుగ్గా ఏమీ లేవు. ఆ మాట తనతో అనలేక, పైటచెంగుతో గుడ్డను పట్టుకుని, దూదికీ సబ్బు కాగితానికీ మధ్య పెట్టి మూత బిగించాను.

మర్నాటి నుంచి మళ్ళీ రేవుకు వెళ్ళాం. ఆదివారం గుడి నుంచి వచ్చాక పెద్దమ్మ ఇప్పటికీ ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుంటుంది. మూత మాత్రం తియ్యదు. తీస్తే ఇక్కడి గాలి లోపలికి పోతుందంటుంది.